ఏడో నంబరు వేరు

ఏడో నంబరు వేరు ఈరక్క చేతిలో చెడిపోలేదు. నా వల్ల చెడిపోయింది.

ఈ మాట ఇంతవరకూ నోటితో పలకలేదు నేను. అద్దం ముందు నిలబడి కూడా పలకలేదు. ఆరేళ్ళుగా లోపల తిప్పుకుంటూ వచ్చానే గానీ ఒక్క మనిషి చెవిన వెయ్యలేదు. ఇప్పుడైనా ఇదుగో, కాగితం మీదే.

అప్పుడు నాకు ఇరవై ఒకటి. డిగ్రీ రెండో ఏడాదిలో మానేశాను. మానేసి ఊరుకోలేదు. మొక్కల వేర్లని మట్టి లేకుండా పెంచటం గురించి ఫోన్లో దొరికిన ప్రతి రీసెర్చి పేపరూ చదివాను. అర్థం కానివి నాలుగేసి సార్లు చదివాను. ఎవరూ చెప్పకుండానే నేర్చుకున్నానన్న గర్వం ఒకటి మెడలో పతకంలా వేలాడుతుండేది. గిద్దలూరు శివార్లో ఖాసిం పీరా మాస్టారనే ఆయన ఇంటి వెనక గదుల్లో ఇదే పని చేస్తున్నారని తెలిసి, ఒకరోజు పొద్దున్నే వెళ్ళి గుమ్మంలో నిలబడ్డాను.

"ఏం వచ్చు?" అన్నారాయన.

చదివినవన్నీ గడగడా చెప్పాను. ఆయన ఆసాంతం విన్నారు. విని, తొట్టిలో నానబెట్టిన గాజు సీసాల వైపు చూపించారు.

"కడగటం వచ్చా?"

మాస్టారు కాలేజీలో బాటనీ ల్యాబు చూసుకుని రిటైరైన మనిషి. పాఠం చెప్పే ఉద్యోగం కాదు. అయినా పాఠాలు చెప్పేవాళ్ళే ఆయన్ని మాస్టారూ అని పిలిచేవాళ్ళట.

ఆయన పెంచేది చిత్రమూలం. దాని మందంతా వేరులోనే ఉంటుంది. నూరి చర్మానికి రాస్తే బొబ్బలెక్కేంత ఘాటు. వేరు కావాలంటే మొక్కని పెకలించాలి, మొక్క పోతుంది. నల్లమలలో ఒకప్పుడు కాలిబాట పక్కనే దొరికేదట. ఇప్పుడు రోజంతా నడిచినా గుప్పెడు దొరకదు.

మాస్టారు మొక్కని తవ్వరు. నాలుగు ఆకులు తెప్పించుకుంటారు. ఆకుకి సన్నగా గాటు పెట్టి, మట్టిలో ఉండే ఒకరకం బ్యాక్టీరియాని అక్కడ పూస్తారు. కొన్నాళ్ళకి ఆ గాటులోంచి వెంట్రుకల్లాంటి వేర్లు వస్తాయి. వాటిని కోసి, చక్కెరా కొన్ని ఉప్పులూ కలిపిన నీళ్ళలో వేసి, చీకటి గదిలో ఊగే బల్ల మీద పెడితే, ఆకూ లేదు, మట్టీ లేదు, పెరుగుతూనే ఉంటాయి. ఆ నీళ్ళని ఈరక్క పానకం అనేది. చివరికి మాస్టారు కూడా పానకం అనే అనేవారు.

వేర్లు వచ్చాక బ్యాక్టీరియాని వదిలించుకోవాలి. అందుకు యాంటీబయాటిక్ కలిపిన పానకంలో అయిదారు విడతలు వేరుని మార్చాలి. ఆ తర్వాత ఏ మందూ లేని పానకంలో వేసి రెండు వారాలు చూడాలి. నీళ్ళు తేటగా ఉంటే బ్యాక్టీరియా పోయినట్టు. మసకబారితే ఇంకా దాక్కుని ఉన్నట్టు. మళ్ళీ మొదటికి. ఆ రెండు వారాలూ గడిచాకే వేరుకి ఒక నంబరు, విత్తనంగా దాచే తల్లి సీసాలుండే అరలో ఒక చోటు.

"అన్ని విడతలు మందులో వేశాక చచ్చే ఉంటుంది కదా మాస్టారూ. మళ్ళీ రెండు వారాలు ఎందుకు?" అని మొదటి నెలలోనే అడిగాను.

వరండాలో ఆయన మనవరాళ్ళిద్దరూ దువ్వెన కోసం కొట్టుకుంటున్నారు. మాస్టారు లేచి వెళ్ళి గుమ్మంలో నిలబడ్డారు. టక్కున నిశ్శబ్దం. లోపలికొచ్చి కూర్చుని, ఆగమన్నట్టు వేలు చూపించారు. మేం కాసేపు ఊరికే కూర్చున్నాం. దువ్వెన గొడవ మళ్ళీ మొదలైంది.

"విన్నావుగా," అన్నారు, సీసాల మీద కాగితాలు అంటించుకుంటూ.

నవ్వాను. అర్థమైందనుకున్నాను.

ఈరక్క అప్పటికే మూడేళ్ళుగా అక్కడ ఉంది. ఈరమ్మ పూర్తి పేరు. కొండపక్క గూడెం వాళ్ళది. వాళ్ళమ్మ గడ్డలూ వేర్లూ తవ్వి అమ్మేది. ఈరక్క చదివింది ఏడో తరగతి. నాకంటే మూడేళ్ళు పెద్ద. గాలి వడకట్టే గాజుపెట్టె ముందు కూర్చుందంటే మాట్లాడదు, దగ్గదు, ముక్కు గోక్కోదు. పట్టకారు స్పిరిట్ దీపం మీద ఎర్రగా కాల్చి, చల్లారేదాకా పెదాలతో అంకెలు లెక్కపెట్టేది. ఒక్కో వేరుకీ, ఒక్కోసారీ.

"ఏం మంత్రమక్కా అది?" అనేదాన్ని.

"పక్కనోళ్ళ నోరు కట్టే మంత్రం పిల్లా. అందరికీ పనిచేస్తాది, నీకు తప్ప."

నేను ఏదో పేపరులోది చదివి వినిపిస్తే శ్రద్ధగా వినేది. చివర్లో, "చదువులమ్మా, నీ నోటిని ఆ ఊగే బల్లకి కట్టుంటే కరెంటు ఖర్చుండేది కాదు," అనేది. మధ్యాహ్నం తన గిన్నెలో కూర సగం నా గిన్నెలో వేసేది. వద్దన్నా వేసేది.

ఏడో నంబరు వేరు ఆమెది. ఆమె తెచ్చిన ఆకులోంచి, ఆమె చేత్తో పుట్టింది. నెలకోసారి మాస్టారు ఒక్కో వేరునీ కాస్త నూరి, స్పిరిట్‌లో నానబెట్టి, పైకి తేలిన పసుపు రంగు నీళ్ళలో నాలుగు చుక్కలు సున్నపు తేట వేసేవారు. పసుపు ఊదాగా మారుతుంది. మందు ఎంత ఎక్కువుంటే ఊదా అంత చిక్కన. ప్రతి నెలా ఏడోదే అన్నిటికంటే చిక్కగా మారేది. పేపర్లు చదవని మనిషి వేరు గెలవటం నాకు ప్రతి నెలా గుచ్చుకునేది. పైకి మాత్రం, "అబ్బ, ఏం రంగక్కా," అనేదాన్ని.

రెండో ఏడు నా వేరొకటి వచ్చింది. తెల్లగా, దట్టంగా, మిగతావాటికి రెండింతల వేగంగా పెరిగింది. నేను పొద్దున వచ్చీ రాగానే దాన్నే చూసుకునేదాన్ని. అదే నెలలో కబురొచ్చింది, హైదరాబాదు నుంచి మందుల కంపెనీ వాళ్ళు మాస్టారి వేర్లు చూడ్డానికి వస్తున్నారని. ఒక వేరు ఎంచుకుని పెద్ద ఎత్తున పెంచుతారట. ఎవరి వేరు ఎంచుకుంటే వాళ్ళనే ఆ పని చూడమంటారట.

నా వేరు ఇంకా మందు పానకంలోనే ఉంది. రెండు విడతలే అయ్యాయి. పద్ధతి ప్రకారం చేస్తే వాళ్ళొచ్చి వెళ్ళిపోయిన రెండు నెలలకి గానీ దానికి నంబరు రాదు.

రెండు వారాల పరీక్ష చెయ్యలేదు నేను. చేసినట్టు పుస్తకంలో రాశాను. "తేట" అని రాసి తేదీ వేశాను. పద్నాలుగో నంబరు అంటించి తల్లి అరలో పెట్టాను. నీళ్ళు మసకబారకుండా ఆ సీసాలో చాటుగా యాంటీబయాటిక్ వేస్తూ వచ్చాను. దువ్వెన గొడవ నాడు గుమ్మంలో నిలబడ్డ మనిషిని కదలనివ్వలేదన్నమాట. అప్పుడు నాకు ఆ పోలిక తట్టలేదు. తట్టినా ఆగేదాన్నో లేదో.

వాళ్ళు రావటానికి వారం ముందు, పొద్దున, పద్నాలుగుని కొత్త సీసాలోకి మార్చాను. హడావుడి. పానకం పీల్చి పోసే గాజు గొట్టం వేరుకి ఆనింది, దాన్నే మళ్ళీ పెద్ద జాడీలోని పానకంలో ముంచాను. ముంచిన మరుక్షణం నాకు తెలిసింది, వేరులో దాక్కున్నది జాడీలోకి పోయి ఉంటుందని. జాడీ పారబోసి కొత్తది కాయాలంటే పూట పోతుంది. ఎందుకు పారబోశావని మాస్టారు అడుగుతారు. మూత పెట్టేశాను.

మధ్యాహ్నం ఈరక్క ఏడో నంబరు మార్చటానికి కూర్చుంది. ఒక నంబరు సీసాలన్నీ ఒకేరోజు మార్చకూడదని ఆమె నియమం. సగం పాతదాంట్లోనే ఉంచేది.

"అన్నీ మార్చెయ్యక్కా, వచ్చేవాళ్ళకి కొత్త నీళ్ళలో కళగా కనిపిస్తాయి," అన్నాను. ఎందుకన్నానో ఈరోజుకీ నాకు తేలలేదు. జాడీ సంగతి ఆ క్షణానికి మర్చిపోయానని చెప్పుకుంటూ వచ్చాను. మర్చిపోలేదు. ఏమీ కాదులే అనుకున్నాను.

"అట్టనా," అంది. "నువ్వు చదివినదానివి." ఆ జాడీలో పానకంతోనే అన్నీ మార్చింది.

నాలుగో రోజుకి ఏడో నంబరు సీసాలన్నీ మసకబారాయి. బియ్యం కడిగిన నీళ్ళలా అయ్యాయి. మందులో వేసి చూశాం. వేర్లు నల్లబడ్డాయి. ఒక్క సీసా కూడా మిగల్లేదు.

ముగ్గురం బల్ల చుట్టూ నిలబడ్డాం. మాస్టారు ఒక్కో సీసా మూతా తీసి వాసన చూశారు. ఆయన చూపు నావైపు తిరిగేలోపే నోరు తెరిచాను.

"అక్క చెయ్యి ఎక్కడైనా తగిలిందేమో మాస్టారూ," అన్నాను.

ఈరక్క తన రెండు చేతులూ తిప్పి చూసుకుంది.

"అంతే అయ్యుంటాది సార్," అంది. "ఆ పొద్దున మేకపిల్లకి పాలుపట్టి వచ్చినా. కడుక్కున్నా గానీ." మళ్ళీ, "కడుక్కున్నా గానీ," అంది.

మర్నాడు రాలేదు. ఆ తర్వాతా రాలేదు.

వారం తర్వాత మాస్టారు నన్ను పిలిచారు. పద్నాలుగో నంబరు సీసా తెమ్మన్నారు. నా ఎదురుగానే గాజుపెట్టెలో ఒక వేరు ముక్క కోసి, కాచి చల్లార్చిన నీళ్ళలో మూడుసార్లు కడిగి, ఏ మందూ లేని పానకం ఉన్న చిన్న గొట్టంలో వేశారు. మూత బిగించి నా చేతిలో పెట్టారు.

"మూడు రోజులు నీ దగ్గరుంచుకో. ఎలా ఉందో నువ్వే వచ్చి చెప్పు."

రెండో రోజుకే మసకబారింది. మూడో రోజు పొద్దున ఇంకో గొట్టం తీసుకుని, మూడో నంబరు సీసాలోంచి శుభ్రమైన వేరు ముక్క ఒకటి అందులో వేసి, అది తీసుకెళ్ళి ఇచ్చాను.

మాస్టారు దాన్ని కిటికీ వెలుగుకి ఎత్తి చూశారు. చాలాసేపు చూశారు.

"తేటగానే ఉంది," అన్నారు.

"అవును మాస్టారూ."

"ఈరమ్మ చేతిలో ఇన్నేళ్ళలో ఒక్క సీసా మసకబారలేదు. నీ వేరు తేటగా ఉంది." గొట్టాన్ని జాగ్రత్తగా స్టాండులో పెట్టారు. "ఆ జాడీ కాచింది నేను. ఇంక మిగిలింది నా చెయ్యే."

తెల్లకోటు విప్పి మేకుకి తగిలించారు. తొట్టి దగ్గరికి వెళ్ళి, చొక్కా చేతులు మడుచుకుని, సీసాలు కడగటం మొదలుపెట్టారు.

ఆ రోజు నుంచి ఆయన గాజుపెట్టె ముందు కూర్చోలేదు. వేర్లు మార్చే పనంతా నాకే వదిలేశారు. ఇరవై ఏళ్ళు ఆ పెట్టె ముందు కూర్చున్న మనిషి రోజూ పొద్దున వచ్చి నా సీసాలు కడిగేవారు. బ్రష్షు చప్పుడు నా వీపుకి వినిపిస్తుండేది. మధ్యాహ్నం కడిగిన సీసాలు తెచ్చి నా పక్కన బోర్లించి, "ఇంకేమన్నా ఉన్నాయా అమ్మా?" అని అడిగేవారు.

"లేవు మాస్టారూ," అనేదాన్ని.

కాసేపు నిలబడేవారు. వెళ్ళిపోయేవారు.

రోజూ అడిగారు. ఎనిమిది నెలలు.

కంపెనీ వాళ్ళు అనుకున్నదానికంటే రెండు వారాలు ఆలస్యంగా వచ్చారు. ఏ వేరునీ ఎంచుకోలేదు. కానీ వాళ్ళలో ఒక మేడంకి నా మాట నచ్చింది. చదివినవన్నీ గడగడా చెప్పాను కదా. ఎనిమిది నెలలకి హైదరాబాదు రమ్మని పిలుపొచ్చింది. వెళ్ళే ముందు పద్నాలుగో నంబరుని కుక్కర్లో ఉడికించి పారబోసి, పుస్తకంలో "ఎండిపోయింది" అని రాశాను.

మాస్టారు గేటుదాకా వచ్చి సాగనంపారు.

ఇక్కడ నా పని బాగానే ఉంది. నా కింద ఆరుగురు అమ్మాయిలు పనిచేస్తారు. వాళ్ళలో ఒకరి సీసా మసకబారితే నేను ఎవరినీ ఏమీ అనను. చాలా మంచిదాన్నని పేరు. ఆ పేరు విన్నప్పుడల్లా లేచి వెళ్ళి చేతులు కడుక్కుంటాను.

పోయిన ఆదివారం గిద్దలూరు వెళ్ళాను. మాస్టారికి కుడిచెయ్యి వణుకుతోంది. గదులు మూసేసి రెండేళ్ళయిందట. వాళ్ళావిడ చాంద్‌బీ గారు టీ ఇచ్చి, చిక్కిపోయావమ్మా అని, నా బుగ్గ పట్టుకుని చూసి లోపలికెళ్ళారు.

"మాస్టారూ, ఆ పద్నాలుగో నంబరు..." అన్నాను.

ఆయన అరచెయ్యి ఎత్తారు. గాల్లో వణుకుతున్న ఆ చెయ్యి చూసి ఆగిపోయాను.

"తెలుసమ్మా. నేను కోసి ఇచ్చిన ముక్క తెల్లది. నువ్వు తెచ్చింది పసుపుది."

టీ గ్లాసు కింద పెట్టటం నాకు చాతకాలేదు. అలాగే పట్టుకుని కూర్చున్నాను.

"అప్పుడే అడగొచ్చు కదా మాస్టారూ."

"అడిగితే ఒప్పుకునేదానివి." అన్నారాయన. "చెప్పేదానివి కాదు."

ఏడుపొచ్చింది. ఆయన నన్ను ఓదార్చలేదు. ఏడుపు అయ్యేదాకా వీధిలోకి చూస్తూ కూర్చున్నారు.

"ఈరక్క ఎలా ఉంది?"

"పెళ్ళయింది. అక్కడే, గూడెంలోనే. నేను రెండుసార్లు వెళ్ళాను. తప్పు నీ చేతిది కాదమ్మా, జాడీ నాది అని చెప్పాను. పెద్దాయన ఓదారుస్తున్నాడని అనుకుంది. భోజనం పెట్టి పంపింది. అన్నంలోకి పెరుగు పక్కింటి నుంచి తెచ్చింది."

"పాలు లేవా వాళ్ళకి?"

"రెండు గేదెలున్నాయి. పాలు తనే పితుకుతుంది, తనే కాస్తుంది. తోడు మాత్రం వెయ్యదు. పక్కింటావిడ చేత వేయించుకుంటుంది. ఏంటమ్మా ఇది అంటే, నా చెయ్యి పడితే చెడిపోతాది సార్, అంది. నవ్వుతూనే అంది."

ఆరేళ్ళు. రోజూ సాయంత్రం.

"క్షమించండి మాస్టారూ," అన్నాను చివరికి.

"నాకు చెప్పి ఏం చేస్తావమ్మా," అన్నారాయన. "నాకు తెలుసుగా."

వచ్చేటప్పుడు చాంద్‌బీ గారు ఈరక్క నంబరు ఒక కాగితం ముక్క మీద రాసిచ్చారు. నేను అడగలేదు. ఆయన చెప్పి ఉంచారేమో.

వారమైంది. రోజూ ఆ కాగితం తీసి చూశాను. ఎత్తగానే ఏమనాలో రాసుకున్నాను, కొట్టేశాను. తిడుతుందనే భయం కాదు. తిట్టదేమోనని. పోనీలే పిల్లా, చిన్నతనం, అంటుందేమోనని. అలా అంటే ఆ మాట వింటూ నేను ఎటు చూడాలి?

తను నమ్మకపోతే అన్నీ చెప్పాలి. గాజు గొట్టం ముంచటం, మూత పెట్టెయ్యటం, అన్నీ మార్చెయ్యమని అనటం, మూడో నంబరు ముక్క. ఒక్కటి కూడా వదలకూడదు. ఒక్కటి వదిలినా ఇంకో ఓదార్పు అయిపోతుంది అది.

ఇప్పుడు సాయంత్రం ఆరున్నర. గూడెంలో పాలు కాచి, గోరువెచ్చగా చల్లార్చే వేళ. ఆమె గిన్నె పట్టుకుని పక్కింటికి బయలుదేరే లోపల ఫోన్ చెయ్యాలి.

చేస్తున్నాను.